నైరుతి గోడ

గాలికి గోడ కూలి మనిషి పోతే, తప్పు ఎవరిదంటారు మీరు? గాలిదేనా?

తొందరపడి జవాబు చెప్పకండి. నేను ముప్ఫై ఏళ్లు బడిలో సైన్సు పాఠం చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలం సభల్లో, చర్చల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడాను. ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే జవాబు నా నాలుక చివర ఉండేది. ఇప్పుడు లేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ పోయే పెద్ద రోడ్డు దిగి, కొత్తపేట లోపలి సందుల్లోకి వస్తే మా ఇల్లు. మేమిక్కడ పప్పుకు తాలింపు వేస్తే పక్కింటివాళ్లు తుమ్ముతారు. ఇళ్లు అంత దగ్గర. నేను కిరాయికుండేది మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తు. దక్షిణం పక్కనున్న ఇల్లు మాకంటే ఒక అంతస్తు తక్కువ. దాని మేడ మీద సిమెంటు రేకుల గది ఒకటి ఉండేది. నా వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే ఆ గది ముందు నిలబడ్డ మనిషికి కొత్తిమీర కట్ట అందించవచ్చు. చాలాసార్లు అందించాను కూడా.

ఆ గదిలో నల్లగొండ పల్లె నుంచి వచ్చిన భార్యాభర్తలు, వాళ్ల ఆరేళ్ల పాప ఉండేవాళ్లు. అతను ట్రాలీ ఆటో నడిపేవాడు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోయడం అతని పని. ఆమె జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్, పీకో చేసేది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. కొలతలు ఎప్పుడూ రాసుకునేది కాదు. కిటికీలోంచి నన్ను ఎగాదిగా చూసి, "జర ఒళ్లు చేసినవ్ టీచరమ్మా" అనేది, అంతే.

ఒకరోజు చేతులు మోచేతి దాకా పెట్టమని అడిగాను.

"నోరే గంత పొడుగున్నది, చేతులు గూడ పొడుగు గావాల్నా?" అంది.

"నా నోటికి కుట్లు వేసే మిషన్ నీ దగ్గర లేదులే."

"కుట్లు ఎందుకు, పీకో చేస్త. అంచులు జర మెత్తగైతయ్!"

ఇద్దరం నవ్వుకున్నాం. మిషన్ మీద పెట్టిన పాలగ్లాసు ఒలుకుతుందని లోపల నుంచి పాప అరిచింది.

వాళ్లు ఆ గదిలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అది అమావాస్య. మధ్యాహ్నం వేళ సందులోకి ట్రాలీ వచ్చి ఆగితే ఆశ్చర్యపోయి కిందికి దిగి అడిగాను. అతను బీరువా దించుతూ అన్నాడు: "అమాస నాడు ఎవ్వడు ఇల్లు మారడు మేడమ్. నా బండి ఖాళీ. రోజు ఒకల సామాన్లు మోసేటోన్ని, నా సామాన్లు మోసుకోనీకి నాకు గదే తీరిక."

వెనక నుంచి ఆమె, "రేపటి దాక ఆగితే ఏం పోతది అన్న. నా మాట ఇంటడా?" అంది.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. వెంటనే పెద్ద రోడ్డుకు వెళ్లి మిఠాయి పెట్టె తెచ్చి వాళ్ల చేతుల్లో పెట్టాను. "సెబాసు! ఈ పేటలో ధైర్యమున్నవాడివి నువ్వొక్కడివే" అని అతని భుజం తట్టాను. తర్వాత రెండు సభల్లో ఆ సంగతి ఉదాహరణగా చెప్పాను కూడా. చదువుకున్నవాళ్లకు లేని ధైర్యం ఆటో డ్రైవరుకుంది అన్నాను. చప్పట్లు కొట్టారు.

మా ఇంటి యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, ఉద్యోగ విరమణ చేశాడు. మంచివాడే. ఆయన భార్యకు పక్షవాతం వచ్చి ఏడాదికి పైగా మంచం మీదే ఉంది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. అప్పుడు ఎవరో వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. మా ఇంటికి ఉత్తరాన కొత్తగా అయిదంతస్తుల భవనం లేచింది కదా, దానివల్ల మీ ఇంటికి నైరుతి పల్లమైపోయింది, ఆ మూల ఎత్తు చేస్తే ఇల్లాలు లేస్తుంది అని అతను చెప్పాడు. మేడ మీద దక్షిణం పిట్టగోడ పైన, నైరుతి మూల నుంచి పది అడుగుల పొడవున గోడ లేపాలని నిర్ణయమైంది. అది సరిగ్గా నా వంటింటి కిటికీకి పైన, ఆ రేకుల గదికి ఎదురుగా.

ఆ ఆదివారం కింద పార్కింగ్‌లో కాలనీవాళ్ల సమావేశం జరిగింది. చెత్త బండి గురించి మాట్లాడటానికి కూర్చున్నాం. నేను గోడ సంగతి ఎత్తాను.

"టీచర్ గారూ, మీరు నమ్మకపోతే మానేయండి. మా ఆవిడ మంచం దిగాలి. నాకు కావాల్సింది అంతే" అన్నాడాయన.

"ఇటుకలు పేరిస్తే నరాలు పని చేస్తాయా సార్? అయితే ఆసుపత్రుల్లో డాక్టర్లెందుకు? తాపీ మేస్త్రీలను పెడదాం."

అందరూ పగలబడి నవ్వారు. "టీచరమ్మ కొట్టింది సిక్సర్!" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు. ఇంటాయన ముఖం మాడిపోయింది. కుర్చీలోంచి లేచి, "ఇంకో మూడు వరసలు ఎక్కువే లేపిస్తాను. చూస్తూ ఉండండి" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ పూట నేను గెలిచాననే అనుకున్నాను. సంతోషంగా అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున మేస్త్రీ నా తలుపు కొట్టాడు. నీళ్లు అడిగి తాగి, చెంబు తిరిగిచ్చాడు.

"అమ్మా, పిట్టగోడ మీద నాలుగించుల గోడ లేపమంటుండు సార్. ఆరడుగుల మీద పోతది. రెండు దిక్కుల పిల్లర్లు పోసి రాడ్ వెయ్యకుంటే నిలువది. పిల్లర్లు ఆరాలంటే దినాలు పడతది, ఎల్లుండి సంది మూఢం, గంతల్నే అయిపోవాలంటుండు. మీరు సదువుకున్నోళ్లు. ఒక్క మాట చెప్పుండ్రి."

"అసలు ఆ గోడే వద్దంటున్నాను. పిల్లర్లు పోసి కట్టమని నేనెలా చెబుతాను?"

"గోడ వద్దంటే ఆగుతదా అమ్మా? లేస్తనే ఉన్నది గద."

అరచేతిలో తంబాకు నలుపుకుంటూ దిగిపోయాడు.

నేను ఎందుకు చెప్పలేదో ఇక్కడ దాచకుండా రాయాలి. మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచి చర్చా సభలకు వెంటబెట్టుకు తిప్పాడు. ఎదుటివాడి నమ్మకాన్ని కాదనాల్సింది పోయి, దాన్ని కాస్త బాగా చేసుకోమని సలహా ఇచ్చావంటే అక్కడే ఓడిపోయావని నేర్పాడు. జాతకం తప్పంటే తప్పనాలి, మంచి జ్యోతిష్కుణ్ణి చూసుకోమనకూడదు. సభలో అది సరైన పాఠమే. మేడ మీద ఆ పాఠం పనికిరాదని నాకు తోచలేదు. పిల్లర్ల మాట ఎత్తితే వాస్తు గోడకు నేను ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాను.

పోనీ, ఆ రేకుల గదిలో ఉండే మనిషికైనా చెప్పవచ్చు కదా? రెండుసార్లు నోటి దాకా వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి చెప్పబోయాను. వాస్తు గోడకు టీచరమ్మ కూడా జడుస్తోందని నవ్వుతుందేమో అనిపించింది. వాస్తు గోడను చూసి భయపడే అర్హత నాకు లేదనుకున్నాను. గోడ మూఢం రాకముందే పూర్తయింది. సున్నం వేశారు. మేం అందరం దాన్ని చూడటం మానేశాం.

ఆ వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం వచ్చింది ఆ గాలి. పొద్దుటి నుంచి ఎండ మండిపోయింది. నాలుగు దాటాక ఉత్తరాన ఆకాశం మట్టిరంగుకు తిరిగింది. ముందు దుమ్ము లేచింది. తర్వాత కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చిరిగి, ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలతో సహా మా మేడల మీదుగా ఎగిరిపోయాయి. ఎవరి నీళ్ల ట్యాంకు మూతో సందులో పడి దొర్లింది. కరెంటు పోయింది. తలుపులు వాటంతటవే కొట్టుకుంటున్నాయి.

నేను కిటికీ వేయబోతూ ఎదురుగా చూశాను. ఆమె తాడు మీద ఆరేసిన బట్టలు గబగబా లాగి చేతుల్లో పోగేసుకుంటోంది. పాప అప్పటికి కిందింటివాళ్ల దగ్గర ఉంది. ఆమె బట్టలు చంకన పెట్టుకుని మెట్ల వైపు రెండడుగులు వేసింది.

నేను అరిచాను: "ఈ గాలిలో మెట్లు దిగకు, పడతావు! లోపలికి పో! తలుపేసుకో!"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "అవును టీచరమ్మా, మిషన్ మీద పట్టుబట్టలున్నయ్, తడుస్తయ్!" అంటూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ క్షణంలో నా తల మీదనే ఉన్న గోడ నాకు గుర్తు రాలేదు. గాలికి మనిషి ఇంట్లోకి పోవాలి, ఎవరైనా చెప్పే మాటే నేనూ చెప్పాను. ఇంకో నిమిషానికి కిటికీ ముందు నుంచి ఎర్రగా, తెల్లగా ఏదో ఒక్కసారిగా జారింది. గాలి హోరులో చప్పుడు కూడా సరిగా వినిపించలేదు. దుమ్ము పోయాక చూస్తే గదికి పైకప్పు లేదు.

సందులోవాళ్లం చేతులతోనే ఇటుకలు తీశాం. ఆమె మిషన్ మీదికి వంగి ఉంది. ఊపిరి ఉంది. నవారు మంచం మీద పడుకోబెట్టి, వానలో పెద్ద రోడ్డు దాకా మోశాం. రోడ్డుకు అడ్డంగా వేపచెట్టు పడి ఉంది, దాని మీద కరెంటు తీగలు. అంబులెన్సు ఆ చెట్టుకు అవతలే ఆగిపోయింది. మెట్రో వంతెన కింద మంచం దించి చెట్టు నరికేవాళ్ల కోసం చూస్తుండగా ఆమె పోయింది. నా చేతిలో ఆమె చెయ్యి ఉంది. వేలికి కుట్టుసూది గుచ్చుకోకుండా పెట్టుకునే ఇత్తడి తొడుగు అలాగే ఉంది.

అతను ఎల్బీ నగర్ చౌరస్తాలో చిక్కుకుపోయాడు. హోర్డింగు కూలి బండ్లన్నీ ఆగిపోతే, ట్రాలీని అక్కడే వదిలేసి నడిచి వస్తున్నాడు. ఆ దారిలోనే, ఆ వంతెన కిందే, మేం మంచం చుట్టూ నిలబడి ఉండటం చూశాడు. ముందు నన్ను గుర్తుపట్టాడు. "ఎవరు మేడమ్? ఎవరికైంది?" అని అడిగాడు. నేను పక్కకు జరిగాను.

మర్నాడు చూస్తే, మలక్‌పేట నుంచి వనస్థలిపురం దాకా ఎక్కడ చూసినా కూలిన చెట్లే. స్తంభాలు మోకాళ్ల మీద వంగినట్టు ఒరిగాయి. రైతుబజారు దగ్గర పరదాలు చినిగిపోయి, మామిడికాయలు బురదలో కలిసిపోయాయి. బండి మీద పళ్లమ్మే ముసలమ్మ పగిలిన కాయలను కడిగి విడిగా పేరుస్తోంది, చూసేవాళ్లు లేరు. మూడు రోజులు కరెంటు లేక జనం బిందెలతో వీధుల్లో తిరిగారు. ఎవరి నోట విన్నా ఒకటే మాట, గాలి, గాలి. సర్కారు కాగితాల్లో కూడా ఆమె చావుకు కారణం గాలివాన అనే రాశారు. ఇంటాయన తలుపు వేసుకుని కూర్చున్నాడు. లోపల ఆయన భార్య ఇంకా మంచం మీదే ఉంది. మూడో రోజున సిద్ధాంతి వచ్చి, కూలిపోయిన చోటు చూసి, గోడలో దోషం లేదు, మొదలుపెట్టిన ఘడియలోనే దోషం ఉంది అన్నాడట. ఆ మాట విని కూడా నాకు కోపం రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆ చోట నేనే నిలబడి ఉన్నాను.

పదకొండో రోజుకు ముందురోజు, ఆ రేకుల గది కిందింటామె వచ్చి చెప్పింది. "పిల్లను అమ్మమ్మ తీస్కపోతదట టీచరమ్మా. అమాస నాడు ఇల్లు మారి నా బిడ్డను మింగినోడు, మనమరాలిని గూడ మింగుతడు అంటుందట. రేపు దినాల నాడు పెద్దమనుషులు కూసుంటరట. ఆయన గూడ ఎదురు మాట్లాడుతలేడు."

ఎల్బీ నగర్‌లో బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. భోజనాలయ్యాక షామియానా కింద చాపలు పరిచి పెద్దలు కూర్చున్నారు. అతను గుండు చేయించుకుని ఒక మూల తల వంచుకుని ఉన్నాడు. పాప అతని మోకాలి మీద చెయ్యి వేసి నిద్రపోతోంది. నన్ను చూడగానే చనిపోయినామె తల్లి పోల్చుకుంది.

"ఓ, ఈమెనే గదా! అమాస నాడు వస్తే మిఠాయి పెట్టిన టీచరమ్మ! ఇప్పుడేం పంచనీకి వచ్చినవమ్మా?"

నాకు అలవాటైన నోరే ముందు తెరుచుకుంది. "అమ్మా, అమావాస్య అంటే చంద్రుడు కనిపించని రోజు, అంతే. దానికీ చావుకూ..." అని మొదలుపెట్టాను. చాపల మీద ఒక్క ముఖమూ కదల్లేదు. ఒక పెద్దాయన, "అమ్మా, మీరు కూసోండ్రి. గీ ముచ్చట మా ఇంటిది" అన్నాడు మర్యాదగానే. అతను కూడా తల ఎత్తకుండా, "వాళ్లన్నది నిజమే మేడమ్. అది రేపు పోదామన్నది. నేనే ఇనలే" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. నేను మళ్లీ గెలవడానికే వచ్చాను. వాళ్లకు నా చంద్రుడు అక్కర్లేదు.

"ఆ గోడ నిలబడదని నాకు తెలుసు" అన్నాను. "మేస్త్రీ నా ఇంటికొచ్చి చెప్పాడు. పిల్లర్లు లేకుండా కడుతున్నారని, మీరు ఒక మాట చెప్పమని అడిగాడు. నేను చెప్పలేదు. ఇంటాయనకు చెప్పలేదు, మీ బిడ్డకూ చెప్పలేదు. ఇల్లు మారిన రోజు మీద తప్పు వేయకండి. ఇతని మీద వేయకండి. గోడ కట్టినవాళ్లు ఉన్నారు. తెలిసీ నోరు మూసుకున్నదాన్ని నేనున్నాను."

ముసలామె చాప మీద ముందుకు జరిగింది.

"నీకెర్కనా?"

"తెలుసు."

"రోజు మాట్లాడేటిదానివంట గదా కిటికీల నుంచి. నీ గురించి చెప్పేది నా బిడ్డ, మస్తు నవ్విస్తది టీచరమ్మ అని. గన్ని మాటలు చెప్పినదానివి, గీ ఒక్క మాట చెప్పకపోతివా?"

ఎవరూ నన్ను తిట్టలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అల్లుడి వైపు తిరిగి, "లే, పిల్ల మెడ వంకర పెట్టి పండుకున్నది, సక్కగ పండవెట్టు" అంది. పదకొండు రోజుల్లో ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అదేనని తర్వాత తెలిసింది. పాప తండ్రి దగ్గరే ఉండేట్టు పెద్దలు ఒప్పుకున్నారు.

ఒక మాట మాత్రం ఆ షామియానా కింద చెప్పలేకపోయాను. మెట్లు దిగబోతున్న మనిషిని లోపలికి పంపింది నేనేనని. ఆ మాట ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. అతను చదువుతాడో లేదో తెలియదు. చదవాలనే రాస్తున్నాను.

బడులు తెరిచే ముందు అతను సామాన్లు తీసుకోవడానికి వచ్చాడు. వనస్థలిపురం అవతల స్లాబు కప్పున్న ఒక గది చూసుకున్నాడట. మిషన్ ట్రాలీలో ఎక్కించి, పైకి వచ్చి నా గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మేడమ్, మీరొచ్చి చెప్పినందుకే నా బిడ్డ నా దగ్గరున్నది. మీకు దండం పెట్టాల్నో, తిట్టాల్నో నాకు తెలుస్తలేదు. ఇంకా ఆలోచన చేస్తున్న."

సగం కుట్టిన నా జాకెట్టు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా సందులోకి అతని బండి రాలేదు.

ఇప్పుడు మీ సంగతి. గాలి మళ్లీ వస్తుంది. ఎవరి ప్రాణానికో ముప్పు తెచ్చే సంగతి ఒకటి మీకూ తెలిసే ఉంటుంది: పెచ్చులూడుతున్న సజ్జా, వేళ్లు తేలిన చెట్టు, తుప్పు పట్టిన హోర్డింగు కాలు. దాన్ని ఎవరు పెట్టారు, ఏ నమ్మకంతో పెట్టారు అన్న చర్చ తర్వాత చేద్దాం, నేనూ వస్తాను. ముందు ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేవండి. దాని కింద బతుకుతున్న మనిషి తలుపు కొట్టండి. "ఇది పడుతుంది, ఇక్కడ ఉండకండి" అని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి, వాళ్లు కదిలేదాకా ఆ గుమ్మం దిగకండి.